యాప్ తీసేసినా పైసలు పోతున్నాయా? ఫిట్‌నెస్ యాప్ సబ్‌స్క్రిప్షన్ ఎక్కడ ఆపాలి, ఎట్ల వెనక్కి అడగాలి

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. వరంగల్‌లో అడిగినా, కరీంనగర్‌లో అడిగినా ‘‘డిలీట్ చేసి మూడు నెలలైంది, ఇంకా పైసలు కట్ అయితున్నయి’’ అన్న మాటే వినిపిస్తుంది. యాప్ దుకాణం బోర్డు లాంటిది. బోర్డు కళ్లముందు లేనంత మాత్రాన ఖాతా పుస్తకంలో మీ పేరు చెరిగిపోదు. ఆ పుస్తకం ప్లే స్టోర్‌లో ఉండొచ్చు, ఫోన్‌పేలో ఉండొచ్చు, బ్యాంకు కార్డు మీద ఉండొచ్చు. అది ఎక్కడుందో కనిపెట్టడమే సగం పని.

ముందు దారి కనుక్కోండి

పైసలు కట్ అయిన రోజు బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ తీయండి. మెసేజ్ లేకపోతే స్టేట్‌మెంట్ చూడండి, లేదా పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించండి. అక్కడ పడిన పేరును బట్టి దారి తెలుస్తుంది.

‘గూగుల్’ లేదా ‘గూగుల్ ప్లే’ అని ఉంటే ప్లే స్టోర్ ద్వారా పోయింది. బ్యాంకు మెసేజ్‌లో యాప్ పేరు చాలాసార్లు కనిపించదు. జీమెయిల్‌లో ‘గూగుల్ ప్లే ఆర్డర్ రిసీప్ట్’ అని ఇంగ్లిషులో వెతికితే రసీదు దొరుకుతుంది. అందులో యాప్ పేరు, ‘జీపీఏ’ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటాయి. ఆ నంబరు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

‘ఆపిల్’ అని ఉంటే ఐఫోన్ దారి. ‘మ్యాండేట్’, ‘ఆటోపే’, ‘యూఎంఎన్’ లాంటి మాటలుంటే యూపీఐ ఆటోపే, అంటే మీరు ఒకసారి ఇచ్చిన అనుమతి (మ్యాండేట్) మీద పైసలు వాటంతటవే కట్ అయ్యే పద్ధతి. యూఎంఎన్ ఆ అనుమతి నంబరు. ఇక్కడొక తిరకాసు ఉంది. యాప్ పేరు ఒకటి, దాన్ని నడిపే కంపెనీ పేరు ఇంకొకటి, పైసలు వసూలు చేసే పేమెంట్ గేట్‌వే పేరు మరొకటి. తెలియని పేరు పడగానే మోసం అనుకోకండి. అదే మొత్తానికి ఏ యాప్‌లో ట్రయల్ మొదలుపెట్టారో ముందు గుర్తు చేసుకోండి.

రూపాయల పక్కన డాలర్లు, యూరోలు కనిపిస్తే, లేదా కార్డు చివరి నాలుగు అంకెలు కనిపిస్తే, వెబ్‌సైట్‌లో కార్డు కొట్టి ఉండొచ్చు. ‘నాచ్’ లేదా ‘ఏసీహెచ్’ అని ఉంటే అది సబ్‌స్క్రిప్షన్ కాకపోవచ్చు, లోన్ కిస్తీ కావచ్చు. దాని సంగతి కింద వేరుగా ఉంది.

ప్లే స్టోర్‌లో ఆపడం

1. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు ఉన్న మీ ఫొటో లేదా అక్షరం మీద నొక్కండి.
2. ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి ‘సబ్‌స్క్రిప్షన్స్’ నొక్కండి.
3. యాప్ పేరు మీద నొక్కి, అన్నిటికన్నా కిందనున్న ‘క్యాన్సిల్ సబ్‌స్క్రిప్షన్’ నొక్కండి.
4. కారణం అడుగుతుంది, ఏదో ఒకటి ఎంచుకోండి. తర్వాత ‘పాజ్ చేస్తారా?’ అనో, తగ్గింపు ఇస్తామనో అడగొచ్చు. పాజ్ అంటే ఆపడం కాదు, వాయిదా వేయడం. గడువు కాగానే మళ్లీ కట్ అవుతుంది. వద్దని చెప్పి చివరిదాకా వెళ్లండి.
5. ఫలానా తేదీ వరకు వాడుకోవచ్చని స్క్రీన్ మీద వస్తేనే రద్దయినట్టు. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసుకోండి. జీమెయిల్‌కు వచ్చే రద్దు మెయిల్‌ను కూడా దాచండి.

జాబితాలో యాప్ కనిపించకపోతే కంగారు పడకండి, చాలాసార్లు జీమెయిల్ వేరేది అయి ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ ఫోన్‌కు కాదు, జీమెయిల్ ఐడీకి అంటుకుని ఉంటుంది. హన్మకొండ చౌరస్తాలో కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపు పిలగాడు అప్పటికప్పుడు కొత్త ఐడీ చేసి ఇచ్చి ఉండొచ్చు. పాత ఐడీ పాత ఫోన్‌తోపాటే మరుగున పడుతుంది, సబ్‌స్క్రిప్షన్ మాత్రం దానిమీదే నడుస్తుంటుంది. ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కితే ఫోన్‌లో ఉన్న మిగతా ఐడీలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి మార్చి చూడండి. పాత ఐడీ పేరే గుర్తులేకపోతే గూగుల్ సైన్ ఇన్ పేజీలో ‘ఫర్గాట్ ఈమెయిల్’ నొక్కి, అప్పట్లో వాడిన ఫోన్ నంబరు ఇవ్వండి.

కొందరు ప్లే స్టోర్ జోలికి పోకుండా నేరుగా ఫోన్‌పేలో ఆటోపే ఒక్కటే తీసేస్తారు. అది పూర్తి పని కాదు. సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది, ఆ జీమెయిల్‌కు బ్యాకప్‌గా పెట్టిన ఇంకో కార్డు ఉంటే గూగుల్ దానిమీద ప్రయత్నించగలదు. ముందు ప్లే స్టోర్‌లో రద్దు, తర్వాత ఆటోపే రద్దు. ఈ వరస మార్చకండి.

రిఫండ్‌కు 48 గంటలు ముఖ్యం. కట్ అయిన 48 గంటల లోపు గూగుల్‌ను నేరుగా అడగొచ్చు. కంప్యూటర్‌లో గానీ ఫోన్ బ్రౌజర్‌లో గానీ ప్లే స్టోర్ వెబ్‌సైట్ తెరిచి, ఆర్డర్ హిస్టరీలో ఆ కొనుగోలు పక్కనున్న ‘రిపోర్ట్ ఏ ప్రాబ్లమ్’ నొక్కి, కారణం ఎంచుకుని పంపండి. జవాబు చాలావరకు ఒక పనిదినంలో వస్తుంది, నాలుగు రోజుల దాకా కూడా పట్టొచ్చు. 48 గంటలు దాటితే యాప్ తయారు చేసినవాళ్లను అడగాలి. వాళ్ల ఈమెయిల్ ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలోనే ‘యాప్ సపోర్ట్’ కింద ఉంటుంది. ఒక్క సంగతి: రిఫండ్ వచ్చినా సబ్‌స్క్రిప్షన్ రద్దయిందో లేదో మళ్లీ జాబితాలో చూసుకోండి. రెండూ వేర్వేరు పనులు.

ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు మీద నొక్కి, ‘సబ్‌స్క్రిప్షన్స్’లో రద్దు చేయాలి. ట్రయల్ అయితే గడువుకు కనీసం 24 గంటల ముందే చేయాలి, ఆఖరి రోజు రాత్రి చూద్దామంటే అప్పటికే కట్ అయి ఉండొచ్చు. రిఫండ్ కోసం ఆపిల్ వాళ్ల ‘రిపోర్ట్ ఏ ప్రాబ్లమ్’ పేజీ ఉంది.

యూపీఐ ఆటోపే: ఒక్క రూపాయి ట్రయల్ వెనకాల ఏముంది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ‘7 రోజుల యోగా ప్లాన్, ఒక్క రూపాయికే’ అని ప్రకటన వస్తుంది. నొక్కితే ఫోన్‌పేనో గూగుల్ పేనో తెరుచుకుంటుంది. రూపాయే కదా అని పిన్ కొడతారు. నిజానికి ఆ పిన్ రూపాయి కోసం కాదు, మ్యాండేట్ కోసం. అదే స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో మూడు సంగతులు రాసి ఉంటాయి: ఒక్కోసారి గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి తీసుకోవచ్చు, ఏ తేదీ వరకు ఈ అనుమతి చెల్లుతుంది. గరిష్ఠం రూ.5,000 అని ఉంటే, ఆ లోపు ఎంత మొత్తానికైనా మీరు అప్పుడే సరే అన్నట్టు. ‘యాజ్ ప్రెజెంటెడ్’ అని ఉంటే వారం, నెల అన్న కట్టుబాటు కూడా లేదు, వాళ్లు అడిగినప్పుడల్లా.

రూ.15,000 లోపు చెల్లింపులకు మొదటిసారి తప్ప తర్వాత పిన్ అడగరు. 2022 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ ఈ పరిమితిని రూ.5,000 నుంచి పెంచింది. ఏ ఫిట్‌నెస్ యాప్ చందా అయినా దాదాపు దీని లోపలే ఉంటుంది కాబట్టి, పిన్ అడుగుతుందిలే, అప్పుడు చూద్దాం అనుకోవద్దు.

అడగకపోయినా చెప్పి మాత్రం తీసుకోవాలి. కట్ చేయడానికి కనీసం 24 గంటల ముందు ఎవరికి, ఎంత, ఎప్పుడు పోతుందో మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ మెసేజే మీకు చివరి అవకాశం. ఆఫర్ల మెసేజ్‌ల కుప్పలో అది కొట్టుకుపోతుంటుంది. ట్రయల్ మొదలుపెట్టిన వారంలో ‘మ్యాండేట్’ అన్న మాటతో ఇన్‌బాక్స్ వెతకడం అలవాటు చేసుకోండి.

ఆపే పద్ధతి ఇది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ ఏదైనా సరే, మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి ‘ఆటోపే’ అన్న మాట కోసం చూడండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాని చోటు అటూఇటూ జరుగుతుంది. దొరక్కపోతే యాప్‌లోని వెతికే పెట్టెలో ‘ఆటోపే’ అని టైపు చేయండి. జాబితాలో నడుస్తున్న మ్యాండేట్‌లు ఉంటాయి. కావలసినదాని మీద నొక్కి ‘క్యాన్సిల్’ లేదా ‘రివోక్’ ఎంచుకోండి. ఇక్కడ పిన్ అడిగితే భయపడకండి, రద్దుకు కూడా మీరేనన్న ధ్రువీకరణ కావాలి. స్క్రీన్ మీద రద్దు అన్న మాట, కంపెనీ పేరు కనిపిస్తున్నాయో లేదో చదివి కొట్టండి. ఇక్కడ కూడా ‘పాజ్’ ఉంటుంది, దాన్ని నొక్కి ఊరుకోకండి.

ఆటోపే జాబితా ఖాళీగా కనిపించినా పైసలు పోతుంటే, మ్యాండేట్ వేరే యూపీఐ యాప్‌లో ఇచ్చి ఉంటారు. ఒకే బ్యాంకు ఖాతా మూడు యాప్‌లలో ఉండటం మామూలే. బ్యాంకు మెసేజ్‌లో యూఎంఎన్ అని పొడుగాటి నంబరు ఉంటుంది, దాని తోక చూడండి. ‘ఎట్’ గుర్తు తర్వాత వైబీఎల్, ఐబీఎల్, ఏఎక్స్‌ఎల్ అని ఉంటే ఫోన్‌పే. ‘ఓకే’తో మొదలై ఎస్‌బీఐ, యాక్సిస్ లాంటి బ్యాంకు పేరుతో ముగిస్తే గూగుల్ పే. ‘పీటీ’తో మొదలైతే పేటీఎం. ఉత్త ‘యూపీఐ’ అని ఉంటే భీమ్. ఆ యాప్‌ను తీసేసి ఉంటే మళ్లీ వేసుకుని, అదే నంబరుతో లాగిన్ కావాలి.

పాత సిమ్ పోయి, ఆ యాప్‌లోకి వెళ్లే దారే లేకపోతే బ్యాంకు బ్రాంచికి వెళ్లి యూఎంఎన్ నంబరుతో దరఖాస్తు ఇవ్వండి. పాత ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఖాతాదారులు దరఖాస్తు మీద తెలంగాణ గ్రామీణ బ్యాంకు అని రాయాలి, 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని బ్రాంచీలు అందులో కలిశాయి. దరఖాస్తులో ఇంత చాలు: ‘‘నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా కంపెనీకి ఇచ్చిన యూపీఐ మ్యాండేట్, యూఎంఎన్ ఫలానా, ఈ రోజు నుంచి రద్దు చేయగలరు. నా పాత మొబైల్ నంబరు వాడుకలో లేదు, కొత్త నంబరు ఇది.’’ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. కౌంటర్‌లో ‘‘యూపీఐ సంగతి మాకు తెల్వది, యాప్‌లోనే చేసుకో’’ అంటే మేనేజర్‌ను అడగండి.

ఖాతాలో బ్యాలెన్స్ లేకుండా ఉంచితే సరిపోతుందని కొందరి ఉపాయం. అది పారదు. ఒకసారి తప్పితే ఆటోపే ఇంకో మూడుసార్ల దాకా ప్రయత్నించగలదు. 2025 ఆగస్టు నుంచి ఈ ప్రయత్నాలు రద్దీ లేని వేళల్లో, అంటే ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9.30 తర్వాత జరుగుతాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన పైసలు ఖాతాలో పడిన రోజు రాత్రే పోయాయంటే కారణం ఇదే కావొచ్చు.

వెబ్‌సైట్‌లో కార్డు కొట్టినవాళ్లకు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లోంచి వచ్చే డైట్ ప్లాన్‌లు ఈ రకం. మీ వయసెంత, బరువెంత, నిద్ర ఎట్లుంది అని ఇరవై ప్రశ్నలు అడిగి, చివరికి ‘మీ కోసమే తయారైన ప్లాన్’ అంటూ కార్డు అడుగుతారు. ఇది ప్లే స్టోర్‌తో సంబంధం లేని కొనుగోలు, అక్కడెంత వెతికినా దొరకదు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఈమెయిల్‌తో లాగిన్ అయి, ‘బిల్లింగ్’ లేదా ‘మేనేజ్ సబ్‌స్క్రిప్షన్’లో రద్దు చేయాలి.

ధర ఎట్ల రాశారో ఒక్కసారి లెక్క కట్టండి. ‘రోజుకు రూ.7 మాత్రమే’ అంటే ఏడాదికి రూ.2,555, అదీ ఒకేసారి. ‘వారానికి రూ.99’ అంటే ఏడాదికి రూ.5,148. ‘4 వారాలకోసారి’ అంటే నెలకోసారి కాదు, ఏడాదికి 12 బదులు 13 సార్లు కట్ అవుతుంది. డాలర్లలో అయితే బ్యాంకు విదేశీ మారకం ఛార్జీ కూడా పడుతుంది. అది 3.5 శాతం అనుకుంటే రూ.1,700 మీద సుమారు రూ.60, దానిమీద 18 శాతం జీఎస్టీ.

కార్డు మీద ఇచ్చిన అనుమతులను బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ‘ఈ-మ్యాండేట్’ లేదా ‘స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్’ కింద చూసి తీసేయొచ్చు. విదేశీ కంపెనీ మాట వినకపోతే కార్డు సెట్టింగుల్లో ‘ఇంటర్నేషనల్’ స్విచ్ ఆపండి. ఊళ్లో స్వైప్ చేయడానికి, ఏటీఎంలో తీసుకోవడానికి దీనివల్ల ఇబ్బంది ఉండదు. విదేశీ ప్రయాణం లేనివాళ్లకు అది ఎప్పుడూ ఆపే ఉండాలి.

ఫోన్ బ్యాలెన్స్‌లోంచే ‘హెల్త్ టిప్స్’ పేరుతో పోతుంటే 155223కు ‘స్టాప్’ అని ఇంగ్లిషులో మెసేజ్ పంపండి, లేదా అదే నంబరుకు కాల్ చేయండి.

జిమ్ కిస్తీ సబ్‌స్క్రిప్షన్ కాదు

ఏడాది ప్యాకేజీని ‘నో కాస్ట్ ఈఎంఐ’లో ఇస్తామని జిమ్ కౌంటర్‌లో మీ ఆధార్, పాన్ తీసుకుని ఓటీపీ అడిగితే, మీ పేరు మీద లోన్ తీస్తున్నారని అర్థం. జిమ్‌కు మొత్తం పైసలు ఫైనాన్స్ కంపెనీ ముందే కట్టేస్తుంది. మీ బాకీ జిమ్‌కు కాదు, ఆ కంపెనీకి. జిమ్‌కు పోవడం మానేసినా, జిమ్ మూతపడినా కిస్తీ నడుస్తుంది. ఇలాంటిదాన్ని పైన చెప్పిన పద్ధతిలో బ్యాంకులో ఆపేయకండి. కిస్తీ తప్పితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి లోన్‌కు పోతే అదే అడ్డం వస్తుంది. వెంటనే జిమ్‌కు, ఫైనాన్స్ కంపెనీకి ఇద్దరికీ రాతపూర్వకంగా రద్దు కోరండి. లోన్ కొత్తదైతే దాని పత్రంలో ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆ లోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు.

కంపెనీ పైసలు ఇవ్వనంటే

మొదట కంపెనీకి ఈమెయిల్. ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు చాలు: ఏ తేదీన ఎంత కట్ అయింది, ఆర్డర్ నంబరు లేదా యూఎంఎన్, రద్దు చేసిన తేదీ, పైసలు ఎన్ని రోజుల్లో కావాలి. కోపం రాయకండి, స్క్రీన్‌షాట్‌లు జోడించండి. ఫోన్‌లో మాట్లాడితే రుజువు ఉండదు.

జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్ అయితే 8800001915. ఫిర్యాదు చెప్పేటప్పుడు ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అన్న మాట వాడండి. 2023 నవంబరు 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే స్క్రీన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 రకాల్లో ఇదొకటి. రద్దు బటన్‌ను దాచడం, ఉచిత ట్రయల్‌కే పేమెంట్ వివరాలు, ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా అడగడం దాని కిందికి వస్తాయి. అలాంటి స్క్రీన్ కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి.

బ్యాంకు మీద ఫిర్యాదు వేరే సంగతి. మీరే పిన్ కొట్టి ఇచ్చిన మ్యాండేట్‌ను అనధికార లావాదేవీ అంటే బ్యాంకు ఒప్పుకోదు, ఆ వాదనతో రోజులు పోగొట్టుకోకండి. కానీ మ్యాండేట్ రద్దయ్యాక కట్ అయినా, ముందస్తు మెసేజ్ రాకుండా కట్ అయినా బ్యాంకు జవాబు చెప్పాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టొచ్చు, సందేహాలకు 14448. మీరు అసలు ఏ పిన్నూ కొట్టకుండానే పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి.

ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్నదాని విలువ రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. రూ.499 కోసం అంత దూరం పోవాలా అంటే, చాలావరకు 1915 దగ్గరే తేలుతుందేమో ముందు చూడండి. రూ.5,000 దాటితే ఆలోచించదగిన దారే.

ఈ మొత్తం పనిలో పెద్ద ప్రమాదం మధ్యలో ఉంది. ‘ఫలానా యాప్ కస్టమర్ కేర్ నంబర్’ అని గూగుల్‌లో వెతికి, మొదట కనిపించిన నంబరుకు కాల్ చేయడం. దొంగ నంబర్లు అక్కడే పెట్టి ఉంచుతారు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, రిఫండ్ కోసం క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. పోయినవి రూ.299, పోగొట్టుకునేవి ఖాతా మొత్తం.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్

హైదరాబాద్‌లో ఉండే పిల్లలు బతుకమ్మకో దసరాకో ఇంటికి వచ్చినప్పుడు అమ్మానాన్నల ఫోన్ ఒక్క పది నిమిషాలు తీసుకోండి. షుగర్, బీపీ రాసుకునే యాప్‌లు, అడుగులు లెక్కపెట్టే యాప్‌లు ఎక్కువగా ఉండేది వాళ్ల ఫోన్లలోనే. భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచిన అడుగులు లెక్కపెట్టడానికి చందా కట్టే పనిలేదు, సామ్‌సంగ్ హెల్త్, ఐఫోన్‌లోని హెల్త్ యాప్ ఆ పని ఉచితంగా చేస్తాయి. పైన చెప్పిన ప్లే స్టోర్ జాబితా, ఆటోపే జాబితా రెండూ చూడండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలు ధ్రువీకరణను ‘ప్రతిసారీ అడగాలి’ అని మార్చండి. అవసరం లేకపోతే అందులోని కార్డు, యూపీఐ ఐడీలను తీసేయండి. పింఛను పడే ఖాతాను ఆటోపే ఇచ్చే యూపీఐ యాప్‌కు కలపకుండా ఉంచితే ఇంకా మేలు.

యాప్‌లో ఇచ్చిన బరువు, నెలసరి తేదీలు, రిపోర్టుల లాంటి వివరాలు సబ్‌స్క్రిప్షన్ ఆపినంత మాత్రాన పోవు. వాటికి ‘డిలీట్ అకౌంట్’ వేరుగా చేయాలి. అది మాత్రం రిఫండ్ చేతికొచ్చాకే చేయండి. ముందే చేస్తే లాగిన్ పోతుంది, బిల్లింగ్ పేజీ పోతుంది, మీరు కస్టమర్ అని చూపించే కాగితం మీ దగ్గర ఉండదు.